మంజప్ప వాటా

మొత్తం కేజీ మూడువందల గ్రాములు.
అక్టోబరు నుంచి మే దాకా ఎదురుచూపు,
పదిహేడు కుట్లు, దర్జీ వేసినవి కావు.
ఒకసారి ఎడమకన్ను ఇడ్లీలా ఉబ్బితే
పీణ్యా ఫ్యాక్టరీలో అందరూ
ఇంట్లో ఏం గొడవ అని నన్ను గుచ్చిగుచ్చి అడగడం.
ఇంతా కలిపి
కూరగాయల తక్కెడలో కేజీ మూడువందలు.

మత్తికెరెలో మూడో అంతస్తు పైన
నీళ్ళ ట్యాంకు నీడలో పెట్టె ఉంటుంది.
చీమలు ఎక్కకుండా
నాలుగు కాళ్ళూ నాలుగు నీళ్ళ మూకుళ్ళలో.
మడికేరి రాత్రి బస్సులో
పొన్నప్ప ఒళ్ళో కూర్చుని వచ్చింది.
"ఒక్క టికెట్టు మీద పదివేలమందిని దించాను,
కండక్టరుకి చెప్పకండి" అన్నాడు.

ఆ ఆదివారం హైమ ఆర్డరు వేసింది:
ఈరోజు పంచదార డబ్బా మూత తీస్తే ఊరుకోను,
బెల్లానికి సెలవు.
నిమ్మనీళ్ళలో తేనె.
అల్లం పచ్చడిలో తేనె,
అదీ పొయ్యి దించి, చల్లారాకే.
వేడి మీద పోయబోయిన నా చేతి మీద
గరిటెతో ఒక్కటి.
నేతిలో ఎర్రగా కాలిన దిబ్బరొట్టె
మధ్యకి తుంచి
ఆ పొగల్లోకి, ఇక ఆగలేక, ధార.

నోట్లో పెట్టుకోగానే అన్నాను
"అచ్చం మా తణుకు వైపు చెరుకు పానకంలా ఉంది."
హైమ నవ్వింది.
"యాభై రెండేళ్ళొచ్చినా
మీ నాలిక ఇంకా గోదారి దాటలేదు."

మధ్యాహ్నం సీసాలు.
హోమియో మందులవి, ఆవకాయవి, ఒకటి కాఫీపొడిది,
ఎంత కడిగినా వాసన పోనిది.
పిల్లల నోటుపుస్తకాల లేబుళ్ళు అంటించి
హైమ గుండ్రటి అక్షరాలతో రాసింది.
పేరు: తేనె.
తరగతి: మొదటిది.
సబ్జెక్టు: కానుగ పువ్వు.
కింది వాటా చెన్నాజమ్మకి ఒకటి,
దగ్గు వదలని గౌస్ పీరాకి ఒకటి,
గోడ అవతల నుంచి
కార్పొరేషనుకి చెప్తానని బెదిరించినాయనకి
కొంచెం పెద్ద సీసా.

సాయంత్రం పొన్నప్ప వచ్చాడు.
చెంచా నాకి కళ్ళు మూసుకున్నాడు.
అడవి గుర్తొచ్చిందేమో అనుకున్నాను.
కళ్ళు తెరిచి అడిగాడు:
"దగ్గర్లో చెరుకురసం బండి ఉందా?"

బస్టాపు దగ్గర ఉంది.
మర్నాడు వెళ్ళి నిలబడ్డాను.
గజ్జెల మోతతో గానుగ తిరుగుతోంది,
తడి పిప్పి మీద గోధుమరంగు గుంపు,
మంజప్ప తువ్వాలు విసురుతూనే ఉన్నాడు.
"రోజుకి రెండు గ్లాసులు వీటికే సార్,
ఎవరి పాపమో."
ఒకటి పొట్ట నింపుకుని
తూలుతూ లేచి
కరెంటు తీగల మీదుగా, బట్టల దుకాణం బోర్డు మీదుగా
తిన్నగా మా ట్యాంకు వైపు పోయింది.
నేను పక్కకి చూశాను.
దొంగసొత్తుతో దిబ్బరొట్టె తిన్నవాణ్ణి,
పానకం అని గుర్తుపట్టి కూడా
గుర్తుపట్టనివాణ్ణి.

సంచీలోంచి సీసా తీసి ఇచ్చాను.
"పాపం నాదే. ఇది మీ వాటా."
మూత తిప్పి, వేలు ముంచి, చప్పరించి
చాలాసేపు ఆలోచించాడు.
"అల్లం వేయలేదు" అన్నాడు.
నా గ్లాసుకి ఇరవై రూపాయలూ
లెక్కపెట్టి మరీ తీసుకున్నాడు.
ఎల్లుండి చూస్తే
బండి వెనక డబ్బా మూతలో
కాస్త రసం, నాలుగు పిప్పిముక్కలు, విడిగా.
తువ్వాలు భుజం మీదే ఉంది.

మిగిలిన రెండు సీసాల మీద
సబ్జెక్టు కొట్టేయమన్నాను.
హైమ కలం తీసి
కానుగ పక్కన చిన్నగా "చెరుకు" అని చేర్చి ఊరుకుంది.
"ఏప్రిల్లో వీధంతా ఊదారేకలు రాలాయి కదా,
కారు అద్దాల మీద, మీ నెత్తి మీద.
ఎంతో కొంత అదీ ఉంటుంది."